పని లేకున్నా తిరిగే ఫ్యాను

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తనకల్లులో కరెంటు పోయింది. కదిరి నుంచి మదనపల్లె పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద అడపాదడపా లారీ పోతున్న చప్పుడు తప్ప వీధంతా నిశ్శబ్దం. ఈ ముందుగదిలో మాత్రం ఒక శబ్దం ఆగడం లేదు. టేబుల్ కింద, ఇటుకల మీద ఎత్తిపెట్టిన కంప్యూటర్ పెట్టెలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పెట్టె వెనక చెయ్యి పెడితే వేడిగాలి తగులుతోంది. గోడకున్న ఇన్వర్టర్ అప్పుడే ఒకసారి కీచుమంది.

"బ్యాటరీ కొత్తదే గదన్నా. పోయిన ఎండాకాలమే ఏసినాం. గంట గూడా ఆగల్యా," అంటున్నాడు మా చిన్నాన్న కొడుకు.

ఊళ్లో నాలుగైదు అంగళ్లకీ, ఒక శనక్కాయల మండీకీ లెక్కలు చూసేది ఇతనే. జీఎస్టీ రిటర్నులూ ఇతనే వేస్తాడు. ఈ పెట్టే అతని ఆఫీసు. సీలింగ్ ఫ్యానుకు కూడా ఇవ్వకుండా ఇన్వర్టర్ లైను దీనికొక్కదానికే ఇచ్చుకున్నాడు. చెమట తుడుచుకుంటూ పనిచేయగలడు గానీ, నెలాఖర్లో కంప్యూటర్ ఆగిపోతే మాత్రం నడవదు.

"ఇప్పుడు లోపల ఏం పని జరుగుతాంది?"

"ఏమీ ల్యా. పొద్దున్నించీ నేను తాకనే ల్యా. మూడూ ఖాళీగానే ఉండాయి."

మూడు అంటే మూడు వర్చువల్ మిషన్లు. ఒకే పెట్టె మీద హోస్టుగా లినక్స్, దాని మీద కేవీఎం, ఆ పైన మూడు గెస్టులు. ఒకదాంట్లో విండోస్ 10, ట్యాలీ. రెండోదాంట్లో డాస్, ఫాక్స్‌ప్రోలో ఎప్పుడో రాయించుకున్న మండీ లెక్కల ప్రోగ్రాం. మూడోదాంట్లో సెంట్‌ఓఎస్ 5, ఒక మిల్లు వాళ్ల పాత హాజరు, జీతాల అప్లికేషన్. పాతవి పారేయలేడు. వాటిలో జనం లెక్కలున్నాయి. విడివిడిగా మూడు పాత కంప్యూటర్లు పెట్టుకోవడం కన్నా ఇట్లా ఒకే పెట్టెలో పెట్టుకోవడం తెలివైన పనే. కాబట్టి అతని పద్ధతిని తప్పు పట్టను. తప్పు ఎక్కడుందో వెతకాలి.

టెర్మినల్ తెరిచి టాప్ కొడతాను. పై మూడు వరుసలూ ఒక్కో గెస్టును నడిపే క్యూఎము ప్రాసెస్‌లే. ఒకటి నూరు శాతం దగ్గర అంటుకుపోయి ఉంది. మిగతా రెండూ అంత కాదు గానీ, ఖాళీగా ఉన్నవాటికి ఉండాల్సిన అంకెలు కావు. నాలుగు కోర్ల పెట్టెలో ఒకటిన్నర కోరు ఊరికే కాలిపోతోంది.

తమ్ముడు ఒప్పుకోడు. విండోస్ కిటికీ తెరిచి టాస్క్ మేనేజర్ చూపిస్తాడు. "నువ్వే చూడన్నా. రెండు శాతం. ఇది పండుకోనుండాది."

బయట చూస్తే పాతిక శాతం, లోపల చూస్తే రెండు. రెండూ నిజాలే. వర్చువల్ మిషన్ల సంగతి పట్టుకోవాలంటే ముందు ఇది ఒంటబట్టాలి. గెస్టు తన లెక్క తను వేసుకుంటుంది. తను పనిచేసిన క్షణాలు దానికి తెలుస్తాయి. తన కోసం హోస్టు పడిన పాట్లు దానికి తెలియవు. ఒక గెస్టు ఎంత తింటోందని ఆ గెస్టునే అడిగి తేల్చుకోవడం కుదరదు. హోస్టునే అడగాలి.

అసలు గెస్టు ఖాళీగా ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? పని లేని ఆపరేటింగ్ సిస్టమ్ హెచ్‌ఎల్‌టీ అనే ఆదేశం ఇస్తుంది. "ఇంటరప్ట్ వచ్చేదాకా నన్ను ఆపు" అని దాని భావం. మామూలు కంప్యూటర్లో ప్రాసెసర్ అక్కడికక్కడే ఆగుతుంది. వర్చువల్ మిషన్లో ఆ ఆదేశం పట్టుబడి నియంత్రణ హోస్టు చేతికి వస్తుంది. దాన్ని వీఎం ఎగ్జిట్ అంటారు. హోస్టు ఆ గెస్టును పక్కన పెట్టి వేరే పని చూసుకుంటుంది, లేదా తనూ ఆగుతుంది. టైమర్ మోగితే మళ్లీ గెస్టును లేపాలి. లేచిన గెస్టు టైము చూసుకుంటుంది, చేయాల్సిందేమీ లేదని గ్రహిస్తుంది, మళ్లీ హెచ్‌ఎల్‌టీ అంటుంది. ఈ రాకపోకల్లో ఒక్కోదానికీ ప్రాసెసర్ వేల సైకిళ్లు ఖర్చుపెడుతుంది. చంటిబిడ్డ తల్లి రాత్రంతా మంచం మీదే ఉంటుంది, ఎన్ని గంటలు పడుకున్నావంటే ఎనిమిది అనే చెబుతుంది. తెల్లారి ఆమె కళ్లు చూడండి. గెస్టుల సంగతీ అంతే. ఎంతసేపు పడుకుందని అడిగితే లాభం లేదు, సెకనుకు ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టాలి.

లెక్కపెట్టే ముందు ఇంకో చిన్న చూపు. పిడ్‌స్టాట్ అనే పనిముట్టును థ్రెడ్ల వారీగా చూపమని, సెకనుకొకసారి నడపమని చెబుతాను. దాంట్లో గెస్ట్ అని ఒక కాలమ్, సిస్టమ్ అని ఒక కాలమ్ ఉంటాయి. గెస్ట్ కాలమ్ పెద్దదిగా ఉంటే లోపల నిజంగానే ఏదో ప్రోగ్రాం ఆదేశాలు నడుస్తున్నాయి. గెస్ట్ కాలమ్ చిన్నదై సిస్టమ్ కాలమ్ పెద్దదైతే, లోపల పని లేదు, లేపడం పడుకోబెట్టడం అనే చాకిరీకే హోస్టు అయిపోతోంది. చాలామంది ఈ రెండు కాలమ్‌ల తేడా చూడకుండానే సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. నాకు తెలిసి సగం కాలం అక్కడే వృథా అవుతుంది.

మన మూడు గెస్టులూ ఇక్కడే విడిపోతాయి. నూరు శాతం దగ్గరున్న వరుసలో గెస్ట్ కాలమ్ ఒక్కటే నిండా ఉంది. అది డాస్.

ఆ కిటికీ తెరిస్తే నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. మూటలు, తూకం, తరుగు, హమాలీ, కమీషన్. రకం అన్న చోట టీఎంవీ-2, కె-6. కె-6 అంటే కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన విత్తనం, ఈ చుట్టుపక్కల చేలన్నీ ఎరిగిన పేరు. కర్సర్ ఒక గడిలో మిణుకుమిణుకుమంటూ ఎవరైనా మీట నొక్కుతారేమోనని చూస్తోంది. అక్కడే ఉంది తంటా. డాస్ పుట్టిన రోజుల్లో ప్రాసెసర్‌ను పడుకోబెట్టాలన్న ఆలోచనే లేదు. ఒక మనిషి, ఒక మిషన్, ఒక ప్రోగ్రాం. మీట నొక్కారా, నొక్కారా, నొక్కారా అని సెకనుకు లక్షల సార్లు అడుగుతూ చక్రం తిరుగుతుందే తప్ప హెచ్‌ఎల్‌టీ అనదు. హోస్టుకు మాత్రం లోపల ఎవరో భారీ లెక్కలు చేస్తున్నట్టే కనిపిస్తుంది.

దీనికి మందు పాతదే. ఫ్రీడాస్‌తో వచ్చే ఎఫ్‌డీఏపీఎం అనే చిన్న ప్రోగ్రాంను ఏపీఎండాస్ అన్న మాటతో ఆటోఎగ్జెక్ ఫైల్లో పిలిస్తే, ప్రోగ్రాం మీట కోసం ఎదురుచూసే క్షణాల్లో అది హెచ్‌ఎల్‌టీ ఇప్పిస్తుంది. ఫ్రీడాస్ కాన్ఫిగ్ ఫైల్లో ఐడిల్‌హాల్ట్ అన్న వరుసా ఆ పనికోసం పెట్టిందే. ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం కీబోర్డును ఏ దారిలో అడుగుతుందన్న దాన్ని బట్టి ఇది పనిచేయడం, చేయకపోవడం ఉంటుంది. ఇక్కడ పనిచేసింది. గెస్ట్ కాలమ్ నూరు నుంచి జారి కిందకి పడింది. పనిచేయకపోతే ఆ క్యూఎము ప్రాసెస్‌కు సీపీయూ కోటా పెట్టి బిగించేవాణ్ని. మండీ లెక్కలకు ఒక కోరులో పదో వంతు చాలు.

"అంతేనా?" అంటాడు తమ్ముడు.

"దీనికి అంతే. తక్కినవి ఇంత సులువుగా దొరకవు."

సెంట్‌ఓఎస్ 5 వరుసలో గెస్ట్ కాలమ్ చిన్నది, సిస్టమ్ కాలమ్ పెద్దది. ఇది లేచి పడుకునే జాతి. దీని కథ తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. లినక్స్ 2.4 కాలంలో, మనం వాడే ఇంటెల్ మిషన్ల మీద, కెర్నల్ గడియారం సెకనుకు 100 సార్లు కొట్టేది. 2.6 వచ్చేసరికి అది 1000 అయింది. ఆటలకీ, పాటలకీ, మౌస్ చురుకుదనానికీ అది మంచిదే. తర్వాత 2.6.13లో మామూలు విలువను 250కి తగ్గించారు గానీ, రెడ్‌హ్యాట్ 5, దాని అచ్చు నకలైన సెంట్‌ఓఎస్ 5 మాత్రం 2.6.18 కెర్నల్‌తో, 1000తోనే వచ్చాయి. పని ఉన్నా లేకపోయినా సెకనుకు వెయ్యి గంటలు. అదీ ప్రతి వర్చువల్ సీపీయూకి విడివిడిగా. తమ్ముడు దీనికి ఎన్ని ఇచ్చాడో చూస్తాను. నాలుగు.

"ఎందుకైనా మంచిదని ఇచ్చినాలే అన్నా."

నాలుగు వేలు. పది మంది జీతాల లెక్క కోసం, అదీ నెలకు ఒక పూట వాడే అప్లికేషన్ కోసం, సెకనుకు నాలుగు వేల గంటలు మోగుతున్నాయి. ఒక్కో గంటకూ ఒకటికి మించిన ఎగ్జిట్‌లు. ఈ బాధ 2007లో ప్రపంచమంతా పడింది. ఇజ్రాయెల్‌లోని కుమ్రానెట్ కంపెనీలో అవి కివిటీ మొదలుపెట్టిన కేవీఎం ఆ ఏడాది ఫిబ్రవరిలో 2.6.20తో లినక్స్ కెర్నల్‌లో కలిసింది. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్‌లో వచ్చిన 2.6.21లో థామస్ గ్లెయిక్స్‌నర్, ఇంగో మోల్నార్‌ల పనితో, ఖాళీ సమయంలో గంట కొట్టడం మానేసే టిక్‌లెస్ కెర్నల్ వచ్చింది. మే నెలలో ఇంటెల్ నుంచి అర్జన్ వాన్ డి వెన్ రాసిన పవర్‌టాప్ వచ్చి, ఏ ప్రోగ్రాం సెకనుకు ఎన్నిసార్లు ప్రాసెసర్‌ను లేపుతోందో పేరు పెట్టి చూపించింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ కోసం జరిగిన ఆ పని ఖాళీ గెస్టులకు వరమైంది. నేటి లినక్స్ గెస్టులు ఖాళీగా ఉంటే నిజంగానే కదలవు. సెంట్‌ఓఎస్ 5 మాత్రం ఆ మార్పుకు ఒక మెట్టు ముందు ఆగిపోయింది.

అలాంటివాళ్ల కోసమే రెడ్‌హ్యాట్ 5 కెర్నల్‌కు డివైడర్ అనే ఒక బూట్ పారామీటర్ తగిలించారు. గ్రబ్ ఫైల్లో కెర్నల్ వరుస చివర డివైడర్ ఈక్వల్స్ 10 అని రాస్తే 1000 కాస్తా 100 అవుతుంది. వర్చువల్ సీపీయూలను నాలుగు నుంచి ఒకటికి దించుతాను. నాలుగు వేల గంటలు వందకు వచ్చాయి. అప్లికేషన్ ముందులాగే తెరుచుకుంటుంది, జీతాల పట్టీ ముందులాగే వస్తుంది. ఆ గెస్టుకు 2017 మార్చి తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు కాబట్టి దాన్ని బయటి నెట్‌వర్కుకు తగలకుండా ఉంచమని తమ్ముడికి మరీ మరీ చెబుతాను.

మరదలు ఉగ్గాని, బజ్జీలు తెచ్చి పెడుతుంది. కరెంటు ఇంకా రాలేదు. ఇన్వర్టర్ ఇంకోసారి కీచుమంది.

ఇక విండోస్. ఇక్కడ తొందరపడితే దారి తప్పుతాం. ముందు థ్రెడ్లు చూడాలి. క్యూఎము ప్రాసెస్‌లో ప్రతి వర్చువల్ సీపీయూకి సీపీయూ 0 స్లాష్ కేవీఎం, సీపీయూ 1 స్లాష్ కేవీఎం అన్న పేర్లతో ఒక్కో థ్రెడ్ ఉంటుంది. వీటికి తోడు మెయిన్ థ్రెడ్ ఒకటి. టైమర్లు, యూఎస్‌బీ లాంటి పరికరాల నటనంతా దాని చేతి మీదుగా జరుగుతుంది. ఏ థ్రెడ్ కాలుతోందో చూస్తే దొంగ ఏ గదిలో ఉన్నాడో తెలిసిపోతుంది. ఈ విండోస్‌లో రెండు గదుల్లోనూ అలికిడి ఉంది.

పెర్ఫ్ కేవీఎం స్టాట్ లైవ్ నడుపుతాను. తెర మీద ఎగ్జిట్‌ల కారణాలు, వాటి పక్కన అంకెలు పరిగెత్తుతున్నాయి. హెచ్‌ఎల్‌టీ ఉంది, ఉండాల్సిందే. దాన్ని మించి పైన కూర్చున్నది ఐఓ ఇన్‌స్ట్రక్షన్. అంటే గెస్టు ఏదో పరికరం పోర్టును పదే పదే తడుముతోంది. ఏ పోర్టు? అదే పనిముట్టుకు ఈవెంట్ ఐఓపోర్ట్ అని చెబితే పోర్టు నంబర్లు చూపిస్తుంది. హెక్సా లెక్కలో 70కి రాత, 71 నుంచి చదువు. 70, 71. 70, 71. ఇంకేమీ లేదు.

"ఏందన్నా ఆ డెబ్బయ్ ఒకటి?"

"గడియారం రా. మదర్‌బోర్డు మీద చిన్న బిళ్ల బ్యాటరీతో నడిచే ఆర్‌టీసీ ఉంటాది చూడు, అది."

దగ్గరగా చూడండి, ఇక్కడ జరుగుతున్నది ముచ్చటైన సంగతి. ఆర్‌టీసీ చిప్పు సెకనుకు 64 సార్లో, 1024 సార్లో ఇంటరప్ట్ ఇవ్వగలదు. విండోస్ మామూలు గంట 15.625 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సరిగ్గా సెకనుకు 64. ఏ బ్రౌజరో, వీడియో ప్లేయరో ఇంకా సన్నటి గంట కావాలని అడిగితే అది వెయ్యి దాకా పోతుంది. చిప్పు పాత కాలపు మర్యాద ఒకటుంది. ఒకసారి గంట కొట్టాక, తన సి రిజిస్టర్‌ను ఎవరైనా చదివితేనే మళ్లీ కొడుతుంది. చదవాలంటే ముందు 70కి రిజిస్టర్ నంబరు రాయాలి, తర్వాత 71 నుంచి విలువ చదవాలి. ఒక గంటకు రెండు ఎగ్జిట్‌లు. ఆ ఎగ్జిట్‌లు కెర్నల్లోనే తీరిపోయేవీ కావు. లోకల్ ఏపీఐసీ లాంటి టైమర్ల నటన కేవీఎం కెర్నల్లోనే చేసేస్తుంది. ఆర్‌టీసీ నటన క్యూఎములో ఉంది, అంటే గెస్టు నుంచి కెర్నల్‌కు, కెర్నల్ నుంచి యూజర్‌స్పేస్‌కు, మళ్లీ అదే దారిలో వెనక్కు. ఖరీదంతా ఆ ప్రయాణానిదే.

2018 ఏప్రిల్ చివర్లో విండోస్ 10 1803 వచ్చాక ఇదే రోగం చాలామంది కేవీఎం వాడేవాళ్లకు ఒక్కసారిగా తగిలింది. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న గెస్టు అప్‌డేట్ పడిన మర్నాటి నుంచి ఖాళీగా ఉన్నా హోస్టును తినడం మొదలుపెట్టింది. అప్పట్లో చేతులు మారిన మందు ఒకటి: గెస్టుకు హెచ్‌పెట్ టైమర్ చూపించండి, అప్పుడు ఆర్‌టీసీని వదిలేస్తుంది. కొన్నాళ్లకు సరిగ్గా దానికి ఎదురు సలహా వచ్చింది: హెచ్‌పెట్ తీసేయండి. రెండూ విని ఏది నమ్మాలో తెలియక సతమతమయ్యేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే కారణం తెలిస్తే ఇందులో తికమక లేదు. చేసే చూద్దాం.

గెస్టును ఆపి, వర్ష్ ఎడిట్‌తో దాని వివరాల ఫైలు తెరిచి, హెచ్‌పెట్ ఉందని రాసి మళ్లీ లేపుతాను. విండోస్ డెస్క్‌టాప్ వచ్చి కుదుటపడే దాకా ఆగాలి. లేచీ లేవగానే కొలిస్తే అప్‌డేట్ వెతుకులాట, యాంటీవైరస్, ఇండెక్సింగ్ అన్నీ కలిసి అంకెలు అబద్ధం చెబుతాయి. కాసేపయ్యాక చూస్తే, 70, 71 మాయం. సిస్టమ్ కాలమ్ తగ్గింది. కానీ పోలేదు. ఎగ్జిట్‌ల పట్టికలో ఇప్పుడు ఈపీటీ మిస్‌కాన్ఫిగ్ పైకి వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్ మీద నటనలో ఉన్న పరికరపు మెమరీని గెస్టు తాకితే ఆ పేరుతో పడుతుంది. ఈవెంట్ ఎంఎంఐఓ అని అడిగితే చిరునామా దొరికింది: ఎఫ్‌ఈడీ000ఎఫ్0. అది హెచ్‌పెట్ చిప్పు లెక్కింపు గడి. ఆర్‌టీసీని తడమడం మానేసి హెచ్‌పెట్‌ను తడుముతోంది. గంటకు రెండు ప్రయాణాల కన్నా కాస్త నయం, అంతే. ఆ నటనా క్యూఎములోనే ఉంది.

మొదటి సలహా అందుకే పనిచేసింది, రెండోది అందుకే వచ్చింది. గెస్టుకు మంచి గడియారం లేనప్పుడు హెచ్‌పెట్ మేలు. మంచి గడియారం ఇవ్వగలిగితే హెచ్‌పెట్ కూడా అక్కర్లేదు.

ఆ మంచి గడియారం మైక్రోసాఫ్ట్ సొంత హైపర్-వి నుంచి వచ్చింది. హైపర్-వి మీద నడిచే విండోస్ ఈ పాత చిప్పులను అస్సలు అడగదు. తను వర్చువల్ మిషన్లో ఉన్నానని తెలుసుకొని, హోస్టు ఇచ్చే సింథటిక్ టైమర్‌ను, రెఫరెన్స్ గడియారాన్ని వాడుతుంది. ఆ ఒప్పందపు వివరాలను మైక్రోసాఫ్ట్ బయటికి ప్రచురించింది కాబట్టి కేవీఎం రాసేవాళ్లు వాటిని తామూ అమలు చేయగలిగారు. గెస్టు విండోస్‌కు తన కింద ఉన్నది హైపర్-వి అనిపిస్తుంది.  

మరి ఈ గెస్టుకు ఆ గడియారం ఎందుకు రాలేదు? ఫైలు పై వరుసలు చూస్తే తెలిసిపోతుంది. తమ్ముడు పాత కంప్యూటర్ డిస్కును ఇమేజ్‌గా తెచ్చి, గెస్టు తయారుచేసేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఏదని అడిగిన చోట జెనెరిక్ అని ఎంచుకున్నాడు. లోపల ఉన్నది విండోస్ అని తెలియనప్పుడు విర్ట్ మేనేజర్ ఆ సదుపాయాలు ఎలా రాస్తుంది?

చేత్తోనే రాద్దాం. హైపర్-వి భాగం కింద వీపీఇండెక్స్, సినిక్, ఎస్‌టైమర్ మూడూ ఆన్. గడియారాల భాగంలో హైపర్‌వి క్లాక్ ఉంది, హెచ్‌పెట్ లేదు. ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవి. ఎస్‌టైమర్ ఒక్కటే రాసి, మిగతావి వదిలేస్తే పని జరగదు. రిలాక్స్‌డ్, వీఏపీఐసీ కూడా వేస్తాను.

"రీస్టార్ట్ కొట్టనా అన్నా?"

"వద్దు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చెయ్యి."

విండోస్ లోపలి నుంచి రీస్టార్ట్ కొడితే క్యూఎము ప్రాసెస్ పాతదే ఉంటుంది, పాత వివరాలతోనే ఉంటుంది. మార్చినా ఫలితం లేదని చాలామంది వదిలేసేది ఇక్కడే.

డెస్క్‌టాప్ వచ్చింది. ఉగ్గాని ఖాళీ అయ్యే దాకా ఆగాం. ఇప్పుడు పట్టిక చూడండి. ఐఓ ఇన్‌స్ట్రక్షన్ లేదు, ఈపీటీ మిస్‌కాన్ఫిగ్ అక్కడక్కడా ఒకటి. హెచ్‌ఎల్‌టీ, దాంతోపాటు టైమర్ పెట్టే ఎంఎస్‌ఆర్ రాతలు, అవీ నెమ్మదిగా. సీపీయూ థ్రెడ్లు రెండూ అడుగుకు జారాయి.

మెయిన్ థ్రెడ్ మాత్రం ఇంకా కొద్దికొద్దిగా కదులుతోంది. దాని కారణం మీద నాకొక అనుమానం ఉంది. గెస్టు తెర మీద మౌస్ బాణం సరిగ్గా కదలడానికి క్యూఎము యూఎస్‌బీ టాబ్లెట్ అనే ఉత్తుత్తి పరికరం పెడుతుంది. అది పాత యూహెచ్‌సీఐ కంట్రోలర్‌కు తగిలించి ఉంటే, ఆ కంట్రోలర్ మిల్లీసెకనుకో ఫ్రేము చొప్పున సెకనుకు వెయ్యిసార్లు పరికరాల జాబితా తిరగేస్తుంది. మౌస్ ఎవరూ ముట్టకపోయినా సరే. ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్‌కు ఈ తిరగేసే అలవాటు లేదు, పరికరానికి చెప్పేది ఉంటేనే మాట్లాడుతుంది. మార్చాను. మెయిన్ థ్రెడ్ ఆగింది.

విండోస్ లోపల ఒక్క పని మిగిలింది. అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఎనర్జీ నడిపితే ఒక నిమిషం గమనించి నివేదిక ఇస్తుంది. సన్నటి టైమర్ అడిగిన ప్రోగ్రాముల పేర్లు దాంట్లో ఉంటాయి. తెరిచిపెట్టి మరిచిపోయిన బ్రౌజర్ ఒకటి దొరికింది. మూసేశాం.

హోస్టు వైపు కూడా ఒక లెక్క చూడకుండా లేవను. గెస్టు హెచ్‌ఎల్‌టీ అనగానే కేవీఎం వెంటనే దాన్ని పక్కన పెట్టదు. ఇంతలోనే లేస్తుందేమోనని కొంతసేపు ఊరికే చక్రం తిరుగుతూ చూస్తుంది. దాన్ని హాల్ట్ పోలింగ్ అంటారు. మన ఇంటెల్, ఏఎండీ మిషన్ల మీద ఆ గడువు మామూలుగా 2 లక్షల నానోసెకన్లు, అంటే సెకనులో అయిదువేలవ వంతు. చురుగ్గా జవాబు చెప్పాల్సిన సర్వర్లకు అది లాభమే. ఎదురుచూపు ఫలించకపోతే గడువు తనంతట తనే తగ్గుతుంది కూడా. అయినా చాలా దగ్గరదగ్గరగా లేచే గెస్టులుంటే ఇది సీపీయూ అంకెను ఉబ్బిస్తుంది. కేవీఎం మాడ్యూల్ పారామీటర్లలో హాల్ట్ పోల్ ఎన్ఎస్ అన్నచోట సున్నా రాసి చూడటానికి ఏదీ రీస్టార్ట్ చేయనక్కర్లేదు. రాశాను, అంకెల్లో తేడా పెద్దగా లేదు. లేచే సంఖ్యే పడిపోయాక చూస్తూ కూర్చోవడానికి పనేముంది? పాత విలువే తిరిగి పెట్టేశాను.

ఇప్పుడు టాప్‌లో మూడు క్యూఎము వరుసలూ కిందెక్కడో ఉన్నాయి. టర్బోస్టాట్ తెరిస్తే ప్రాసెసర్ ఎక్కువ కాలం లోతైన నిద్ర స్థితుల్లోనే గడుపుతోంది. ప్యాకేజీ వాట్ల అంకె దిగింది. ఫ్యాను చప్పుడు సన్నబడుతోంది. ఇదంతా ఒక చిన్న పెట్టె సంగతే. కానీ కదిరి పక్కన నంబులపూలకుంటలో 1500 మెగావాట్లకు తలపెట్టిన సోలార్ పార్కు పలకలు ఇదే ఎండలో నిలబడి కరెంటు పుట్టిస్తున్నాయి. అక్కడ వాటు వాటు కూడబెడుతుంటే ఇక్కడ ఎవరికీ పనికిరాని గంటలు మోగించడానికి దాన్ని కాల్చడం నాకు మనసొప్పదు. వందల గెస్టులున్న డేటా సెంటర్లో ఇదే తప్పు వందల రెట్లు జరుగుతుంది, అక్కడ ఫ్యాను చప్పుడు వినే మనిషి కూడా ఉండడు.

"అయితే బ్యాటరీది తప్పు కాదా?" అంటాడు తమ్ముడు.

"బ్యాటరీ బాగుంది. డిస్టిల్డ్ వాటర్ ఉందో లేదో మాత్రం చూసుకో."

మీ ఆఫీసులోనో, కాలేజీ ల్యాబులోనో ఇట్లాంటి పెట్టె ఉంటే బ్యాటరీకో, కొత్త ప్రాసెసర్‌కో డబ్బు పెట్టకముందు ఒక పూట దాని పక్కన కూర్చోండి. పిడ్‌స్టాట్‌లో గెస్ట్, సిస్టమ్ కాలమ్‌లు చూడండి. గెస్ట్ ఎక్కువైతే లోపలి ప్రోగ్రాంను వెతకండి, సిస్టమ్ ఎక్కువైతే పెర్ఫ్‌తో ఎగ్జిట్ కారణం అడగండి, పోర్టో చిరునామానో అదే చెబుతుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, గెస్టును పూర్తిగా ఆపి లేపండి, కుదుటపడ్డాకే కొలవండి. మార్చకముందు ఉన్న అంకెలు కాగితం మీద రాసుకోకుండా మాత్రం ఏ సెట్టింగూ ముట్టుకోకండి.